చేప కోసే పది నిమిషాలు

మా జంక్షన్‌ను ఖాళీ చేయించిన అర్జీ రాసింది నేనే. గీతల కాగితం మీద, నీలం సిరాతో, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. రాసినందుకు అప్పట్లో చాలా గర్వపడ్డాను. ఆ గర్వం సరిగ్గా ఒక నెల నిలిచింది.

ఇది ఎనభైల మొదటి సంగతి. గాజువాకకు కొంచెం ఇవతల, పెద్దరోడ్డు నుంచి సముద్రం వైపు ఒక రోడ్డు చీలే చోట మా జంక్షన్ ఉండేది. ఉక్కు కర్మాగారం కట్టే పనులు జోరుగా సాగుతున్న రోజులు. అంతకు ముందు జీడిమామిడి తోటలు, సరుగుడు తోటలు ఉన్న చోట కొత్త కాలనీలు లేస్తున్నాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుటుంబాలు ఇళ్ళు అద్దెకు తీసుకుంటున్నాయి. పంచాయతీవాళ్ళు జంక్షన్‌లో ఒకే వరసలో తొమ్మిది కొట్లు కట్టించారు. వాటికి సిమెంటు కప్పు, ముందు ఒక వసారా. వసారా ముందు బస్సులు ఆగే ఖాళీ జాగా. రోడ్డు దాటితే ఎదురుగా శాఖా గ్రంథాలయం. రెండే గదులు, కానీ ఒక గదిలో మాత్రం నేల నుంచి కప్పు దాకా పుస్తకాలే.

వరసలో మూడో కొట్టు నాది. జాకెట్లు, లంగాలు, పిల్లల గౌన్లు కుట్టేదాన్ని. మొదటిది కిరాణా కొట్టు, చివరిది ఫోటో స్టూడియో. మధ్యలో మందుల షాపు, టిఫిన్ హోటలు, సైకిల్ షాపు వగైరా.

నేను బడికి వెళ్ళింది ఐదో తరగతి వరకే. తర్వాతి చదువంతా ఆ గ్రంథాలయం పెట్టిన భిక్ష. కత్తెర బరువు పెట్టి పేజీ ఎగరకుండా చేసి, కాజాలు కుడుతూ చదివేదాన్ని. శనిగ్రహం చుట్టూ ఉన్న వలయాల గురించి చదివాను. పట్టుపురుగు ఏ ఆకు తింటుందో, గుండెకు ఎన్ని గదులో, పాతకాలంలో ఓడలకు దారి చూపింది ఏ నక్షత్రమో చదివాను. చదివింది ఎవరికైనా చెప్పకుండా ఉండలేకపోయేదాన్ని. జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఆవిడ చేతులు చాపి నిలబడి ఉంటే, టేపు పట్టుకుని నేను శనిగ్రహం గురించి చెబుతుండేదాన్ని. పాపం, చేతులు దించడానికి లేదు కనుక వినేవారు.

మా ఇల్లు లోపలి ఊళ్ళో, జంక్షన్‌కు రెండు మైళ్ళ దూరం. అంతకు ముందు నా కుట్టు మిషన్ ఇంటి అరుగు మీదే ఉండేది. మా ఊళ్ళో ఆడది రెండు మైళ్ళు నడిచి పుస్తకాలు చదువుకోవడానికి వెళుతోందంటే ఎవరూ ఒప్పుకోరు. కొట్టుకు వెళుతోందంటే ఎవరూ ఏమీ అనరు. కొట్టు తీసుకోవడంలో నా అసలు ఆశ అదే. సాయంత్రం ఒక గంట రోడ్డు దాటి వెళ్ళి లైబ్రరీలో కూర్చోవచ్చు. మా ఆయనకు ఆ సంగతి తెలుసు. ఆయన పోర్టులో పనిచేసేవారు, నాకు స్వయానా మేనబావ. మాట తేల్చి చెప్పే మనిషి.

"ఉగాది దాకా సూద్దాం," అన్నారు. "కొట్టు కొట్టులా నడిస్తే మంచిదే. నువ్వొక్కదానివీ ఈగలు తోలుకుంటా కూకుంటే మాత్రం మిషన్ రిచ్చాలో ఏసుకుని ఇంటికొచ్చీడమే. మరి మాట్లాడకూడదు."

"సరే బావా," అన్నాను. అప్పుడు ఆ మాట ఇవ్వడం తేలికే. కొట్టు తెరిచిన దగ్గర్నుంచి రోజూ సందడే.

ఆ సందడి ఎక్కడి నుంచి వస్తోందో అప్పుడు నేను ఆలోచించలేదు. మధ్యాహ్నం మూడింటికి సముద్రం వైపు నుంచి వచ్చే బస్సులో ఏడెనిమిది మంది చేపల ఆడవాళ్ళు తట్టలతో దిగేవారు. మా వసారా ముందు గోనెపట్టాలు పరుచుకుని వరసగా కూర్చునేవారు. కానాగంతలు, కవళ్ళు, నెత్తళ్ళు, అదృష్టం బాగుంటే ఒక వంజరం. వాళ్ళలో పెద్దామెను అందరూ అప్ప, అంటే అక్క, అనే పిలిచేవారు, ఆమె కన్నా పెద్దవాళ్ళు కూడా. కత్తిపీట ముందు ఒక కాలు మడిచి కూర్చుంటే ఆమె చుట్టూ ఎప్పుడూ గుంపే.

"ఇది సేపా, సేప నీడా? ఇంత సన్నంగుందేటి అప్పా?" అని ఎవరో ఆవిడ బేరం మొదలుపెట్టేది.

"సన్నంగున్నా సముద్రమంతా ఈదొచ్చినాది తల్లీ. నువ్వు బస్సు కాడ్నించి ఇక్కడికి నడిసినావు, సూడు ఎలగ ఆయాసపడతన్నావో!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవారు. ఆయాసపడుతున్న ఆవిడ కూడా నవ్వేది. చేపలు కొనేది.

కానీ చేపలంటే నీళ్ళు, పొలుసులు, ఈగలు, పిల్లులు. ఫోటో స్టూడియో అతను రోజూ గొణిగేవాడు. పెళ్ళిచూపుల ఫోటో కోసం వచ్చిన అమ్మాయి ముక్కు చిట్లించుకుని కూర్చుందని, ఫోటోలో కూడా ముక్కు అలాగే పడిందని. ఒకరోజు అతనూ కిరాణా ఆయనా మరో ఇద్దరూ కలిసి నా కొట్టుకు వచ్చారు. కిరాణా ఆయన వయసులో పెద్దవాడు, నుదుట బొట్టు లేకుండా బయటికి రాని మనిషి.

"అమ్మా, నువ్వు ఆ లైబ్రరీ అంతా సదివీసినావు కదా," అన్నారు ఆయన. "ఈ సేపలోళ్ళని కాస్త దూరంగా కూకోబెట్టమని పంచాయతీకి ఓ అర్జీ రాసి పెట్టు. ఆఫీసోళ్ళకి ఎక్కే బాసలో ఉండాల. మేం రాస్తే సదవరు."

అంత మాట అన్నాక నేను ఆగుతానా? అదే వారంలో పట్టణాల పారిశుద్ధ్యం గురించి ఒక పుస్తకం చదివి ఉన్నాను. మురుగు కాలవలు, అంటువ్యాధులు, నాగరికత, అన్నీ తలలో తాజాగా ఉన్నాయి. రెండు రోజులు కూర్చుని రాశాను. 'దుర్గంధభూయిష్టమైన' అనే మాటను ఎక్కడైనా వాడాలని నెలల తరబడి ఎదురు చూస్తున్నాను. దాన్ని మూడో వాక్యంలో పెట్టాను. తొమ్మిది కొట్లవాళ్ళూ సంతకాలు చేశారు. చిత్తుప్రతి దాచుకున్నాను, మళ్ళీ చదువుకుని మురిసిపోవడానికి.

దీపావళికి రెండు రోజుల ముందు పంచాయతీ మనిషి ఒకడు వచ్చి, రేపటి నుంచి కాలవ అవతల మలుపులో కూర్చోమని చేపలవాళ్ళతో చెప్పి వెళ్ళాడు. మలుపు మా జంక్షన్‌కు అరమైలు ఉంటుంది. ఆ సాయంత్రం అప్ప తన జాకెట్టు తీసుకోవడానికి నా కొట్టుకు వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది, చేతులు తడిగా ఉన్నాయని లోపలికి రాలేదు.

"ఎవడో బాగా సదువుకున్నోడే రాసినాడంటమ్మా," అంది. "పంచాయతీ గుమస్తా సదివి, అబ్బో అన్నాడంట."

నా పెదవుల మధ్య గుండుసూదులు ఉన్నాయి. అందుకే మాట్లాడలేదని అనుకోవచ్చు. సూదులు తీసేశాక కూడా మాట్లాడలేదు. సిగ్గుపడ్డాను, నిజమే. గుమస్తా అబ్బో అన్నాడన్న మాట మాత్రం మనసులో తీసి దాచుకున్నాను.

దీపావళి మర్నాడు కొట్లవాళ్ళందరం వసారా కడిగాం. స్టూడియో అతను అగరొత్తులు వెలిగించాడు. కిరాణా ఆయన గుమ్మాలకు మామిడాకులు కట్టించారు. మా వరస కొత్త పెళ్ళికూతురిలా ఉంది. చూడ్డానికి మాత్రం ఎవరూ రాలేదు.

ఎందుకు రాలేదో అడిగితే మా అందరి దగ్గరా జవాబు సిద్ధంగా ఉంది. కార్తీకం మొదలైంది కదా! మా వైపు కార్తీక మాసంలో చాలా ఇళ్ళలో నీసు ముట్టరు. సోమవారాలు ఉపవాసాలు, సాయంత్రాలు దీపాలు. ఆడవాళ్ళు ఇళ్ళలోనూ గుళ్ళలోనూ తీరిక లేకుండా ఉంటారు. మా కొట్ల వరసకు అదే మొదటి కార్తీకం. పోల్చి చూసుకోవడానికి కిందటి ఏడాది అనేది లేదు.

"సేపలోళ్ళు ఉన్నా ఇంతే, లేకపోయినా ఇంతేనమ్మా," అని కిరాణా ఆయన ధైర్యం చెప్పారు. "పోలమ్మని స్వర్గానికి సాగనంపీనీ. మర్నాడు సూడు జనాన్ని!"

ఆ నెలంతా నేను హాయిగా చదువుకున్నాను. సముద్రయానాల గురించి ఒక లావుపాటి పుస్తకం పది రోజుల్లో ముగించాను. తిరిగి ఇవ్వడానికి వెళితే లైబ్రేరియన్ గారు కిటికీలోంచి మా వరస వైపు చూశారు. ఆయన నెమ్మదస్తుడు, నవ్వితే కళ్ళద్దాలు పైకి జరిగేవి. "మా లైబ్రరీలో నిశ్శబ్దం కోసం బోర్డు పెట్టాం. మీ దగ్గర బోర్డు లేకుండానే కుదిరింది," అన్నారు. నేను మెచ్చుకోలు అనుకున్నాను.

కార్తీకం ముగిసిన పోలిపాడ్యమి తెల్లవారుజామున ఆడవాళ్ళు అరటి దొప్పల్లో దీపాలు పెట్టి కాలవలో వదిలారు. దాని మర్నాడు మా వైపు ప్రతి ఇంట్లోనూ చేపల కూరే. నెల రోజుల కరువు తీరేది ఆ రోజే. కిరాణా ఆయన చింతపండు, ఎండుమిరపకాయలు, అల్లం, వెల్లుల్లి బస్తాల మూతులు విప్పి ముందుకు పెట్టారు. నేను కుట్టిన గౌన్లు ఇస్త్రీ చేసి గుమ్మానికి వేలాడదీశాను. మూడింటి నుంచీ అందరం వసారాలో నిలబడ్డాం, పెళ్ళివారి కోసం చూస్తున్నట్టు.

బస్సులు వచ్చాయి. జనం దిగారు. చేతిలో సంచులతో దిగారు. దిగి, మమ్మల్ని చూసి మర్యాదగా తల ఊపి, అందరూ ఒకే వైపు నడిచారు. కాలవ వైపు.

"ఇదేటి, అటేపు జాతరుందేటి?" అన్నారు కిరాణా ఆయన.

ఐదింటికి నేను సంచి ఒకటి చేత్తో పట్టుకుని అటు నడిచాను.

జాతరే. మలుపులో రోడ్డు పక్కన చేపల ఆడవాళ్ళు, వాళ్ళ చుట్టూ జనం. ఉల్లిపాయల బండి, గాజుల బండి, చామంతిపూలు, బఠాణీలు. తాటాకుల చూరు కింద ఎవరో కొత్త దర్జీ మిషన్ పెట్టుకుని కూర్చున్నాడు. అతని ముందు నిలబడి ఉన్నది నా దగ్గర ఆరు జాకెట్లు కుట్టించుకున్న ఆవిడ. చేతిలో ఆది జాకెట్టు, అంటే కొలత కోసం ఇచ్చే పాత జాకెట్టు. నేనే కుట్టినది. నన్ను చూసి దాన్ని వెనక్కు దాచుకుంది.

"నీ కొట్టు మూసీసినావనుకున్నాను వదినా," అంది.

"తీసే ఉంది."

"ఉందా? అటేపు రావడం నేదు మరి," అంది. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. అదే నన్ను భయపెట్టింది. ఉగాదికి నాలుగు నెలలు కూడా లేవు. మిషన్ రిక్షా ఎక్కడం కళ్ళ ముందు కనిపించింది.

ఏం చేయాలో తోచక అప్ప దగ్గర కానాగంతలు కొన్నాను.

"కోసి ఇయ్యాలా?"

"ఇయ్యప్పా."

"పది నిమిషాలాగాల. నీ ముందు ముగ్గురున్నారు."

ఆగాను. ఊరికే ఎంతసేపని నిలబడతాం? కాళ్ళు వాటంతట అవే కదిలాయి. పచ్చిమిరపకాయలు కొన్నాను. మూర చామంతిపూలు కొన్నాను. గాజుల బండి దగ్గర పిన్నీసులు బాగున్నాయని ఒక అట్ట కొన్నాను. తిరిగి వస్తే చేపలు ఇంకా కాలేదు. పక్కనున్న ఆవిడతో ఆవిడ కూతురి దగ్గు గురించి మాట్లాడాను. ఆ మాటల మధ్య చేతిలోకి చూసుకున్నాను. పిన్నీసులు! నా కొట్లో రెండు డబ్బాల నిండా పిన్నీసులున్నాయి. వాటి అవసరం నాకు బొత్తిగా లేదు. చేప కోసే పది నిమిషాలు గడవడానికి కొన్నాను.

అక్కడ నిలబడే నాకు అంతా తెలిసింది. మా ఇళ్ళలో అప్పుడు ఫ్రిజ్‌లు లేవు. చేప ఏ రోజుకారోజు కొనాలి, ఆ పూటే వండాలి. జాకెట్టు మూడు నెలలకోసారి కుట్టించుకునేది. జాకెట్టు కోసమని పనిగట్టుకుని జంక్షన్‌కు ఎవరూ రారు. చేప కోసం రోజూ వస్తారు. కోసేదాకా ఆగుతారు. ఆ ఆగడంలో చింతపండు గుర్తొస్తుంది, దగ్గు మందు గుర్తొస్తుంది, పాత జాకెట్టు చంక కింద చినిగిందని గుర్తొస్తుంది. మా తొమ్మిది కొట్లూ ఆ పది నిమిషాల మీద బతుకుతున్నాయి. ఆ పది నిమిషాలనే నేను నీలం సిరాతో అరమైలు అవతలకు పంపేశాను.

మర్నాడు ఈ సంగతి లైబ్రేరియన్ గారికి చెప్పాను. ఆయన కాసేపు వెతికి పాత పట్టణాల చరిత్ర గురించి ఒక పుస్తకం తెచ్చి ఇచ్చారు. నది దాటడానికి పడవ కోసం జనం ఆగే చోట మొదట సత్రాలు, తర్వాత అంగళ్ళు, తర్వాత ఊళ్ళు వెలిశాయని అందులో ఉంది. కొట్టు పోయే స్థితిలో ఉన్నా, నేను చేపల దగ్గర కనిపెట్టిన దానికి పుస్తకంలో చుట్టం దొరికినందుకు ఎంత సంతోషించానో చెప్పలేను.

ఆ సంతోషంలోనే కొట్లవాళ్ళందరినీ పిలిచి, పడవల దగ్గర్నుంచి మొదలుపెట్టి వివరించాను.

"అంటే ఆ కంపుని మళ్ళీ పిలుసుకుందామంటావేటి?" అన్నాడు స్టూడియో అతను.

కిరాణా ఆయన అతని వైపు జాలిగా చూశారు. "నా కొట్లో సింతపండు నల్లబడిపోతంది బాబూ. పులుసు పెట్టుకునేవోళ్ళందరూ కాలవకి అవతలున్నారు. నీ స్టూడియోలో కంపు నేదు సరే, మనిసెవడున్నాడు?"

వెళ్ళి ఎవరు పిలవాలి అన్న దగ్గర అందరూ నా వైపు తిరిగారు. ఇంటికి వెళ్ళి చెబితే మా ఆయన చాలాసేపు నవ్వారు. "ఎల్లు, ఎల్లి అడుగు. కానీ ఆ అర్జీ బాసలో మాత్రం అడక్కు. ఈపాలి సముద్రంలోకే ఎల్లిపోతారు," అన్నారు.

మూడింటి బస్సు మలుపు దగ్గర ఆగదు. జంక్షన్‌లోనే దిగి తట్టలు నెత్తిన పెట్టుకుని అరమైలు నడవాలి. నేనూ వాళ్ళ వెంట నడిచాను. వాళ్ళు గోనెలు పరుచుకున్నాక, అప్ప ముందు నిలబడి చెప్పేశాను. ఆ అర్జీ రాసింది చదువుకున్నవాడెవడో కాదు, నేను అని.

అప్ప కత్తిపీట మీద నీళ్ళు చల్లుతూ ఆగింది. "నువ్వా?"

"నేనే."

"కాయితం ఉందేటి?"

చిత్తుప్రతి సంచిలోనే ఉంది.

"సదువు. మమ్మల్ని ఏటని లేపీసినారో మాకూ తెలాల కదా."

నిలబడి చదివాను. మూడో వాక్యం దగ్గర అప్ప చెయ్యెత్తి ఆపింది.

"అదేటి, దుర్గంధ... ఏటది?"

"దుర్గంధభూయిష్టం. అంటే... కంపు కొడుతోందని."

"కంపని రాయొచ్చు కదా! మా తట్టంత మాటెందుకు?"

అందరూ ఘొల్లుమన్నారు. "ఇంకోపాలి సదువమ్మా, బాగుంది," అంది చివర కూర్చున్న ఆమె. ఇంకోసారి చదివాను. అప్పటికి కొనేవాళ్ళు నలుగురైదుగురు చేరారు. ఆ చివరామె వాళ్ళ వైపు తిరిగి, "రండమ్మా రండి, దుర్గంధం తాజాగుంది! ఇప్పుడే ఒడ్డుకొచ్చినాది!" అని కేకేసింది. ఆ సాయంత్రం ఆ మాట మీద ఆమె తట్ట అందరికన్నా ముందు ఖాళీ అయింది.

అప్ప మాత్రం నవ్వు ఆపింది. "నా జాకెట్టు కుట్టినప్పుడు కంపు కొట్టనేదేటి నీకు?"

"లేదప్పా."

"మరెందుకు రాసినావు?"

ఎన్ని కారణాలు చెప్పొచ్చో అన్నీ నోటి దాకా వచ్చాయి. చివరకు నిజమే చెప్పాను. "రాయడం వచ్చు కదా అని రాశాను."

ఆమె తడి చెయ్యి చీరకు తుడుచుకుంది. "సర్లే. మరింకెవరూ ఈ మాట ఒప్పుకోరు," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "మీ వరస ఎనకాల తాళం ఏసిన గది ఒకటుంది కదా. దాని తాళం ఎవరి దగ్గరుంది?"

అది కొట్లవాళ్ళ కోసం కట్టిన మరుగుదొడ్డి. తాళం కిరాణా ఆయన దగ్గర ఉండేది.

"మూడింటి కాడ్నించి దీపాలేల దాకా కూకుంటాం. ఇంటికెల్లీసరికి ఎంతవుతాదో నీకు తెల్దు. నువ్వు ఆడదానివే కదా. అంత పొడుగు అర్జీ రాసినావు, అది గురుతు రానేదేటి నీకు?"

రాలేదు. అన్ని నెలలూ నా కొట్టు ముందే కూర్చున్నారు, నాకు గుర్తు రాలేదు. పారిశుద్ధ్యం మీద పుస్తకం మొత్తం చదివాను. దుర్గంధం మాట విన్నప్పటి కన్నా అప్పుడు ఎక్కువ సిగ్గేసింది.

ఆమె కోరికలు మూడు. ఆ గది తాళం అందేలా ఉండాలి. తట్టలు కడుక్కోవడానికి కొళాయి దగ్గర ఎవరూ అడ్డు చెప్పకూడదు. ఎండ పడమటికి తిరిగాక వసారా నీడలో కూర్చోనివ్వాలి. "అందరం రాం. సగం మందిమి వత్తాం. ఇక్కడ కూడా బేరం బాగుంది, ఎందుకొదులుకోవాల?" అంది. అది న్యాయమే అనిపించింది.

ఇంకో అర్జీ రాశాను. ఈసారి వాళ్ళు చెబుతుంటే రాశాను. తట్టలు కడిగిన నీళ్ళు పోవడానికి చిన్న కాలవ కావాలి, అని. అంతే, ఒకటే వాక్యం. రెండో వాక్యం రాయబోతే అప్ప ఆపింది. కింద మా తొమ్మిది కొట్లవాళ్ళ సంతకాలే ఉండడంతో, వాళ్ళు తిరిగి కూర్చోవడానికి పంచాయతీ అడ్డు చెప్పలేదు. పంచాయతీవాళ్ళు సిమెంటు కాలవ కట్టడానికి టైము పడుతుందన్నారు, ఈలోగా మట్టికాలవ మేమే తవ్వుకున్నాం. పార తెచ్చింది స్టూడియో అతనే. తవ్వినంతసేపూ గొణుగుతూనే ఉన్నాడు, కానీ తిన్నగా తవ్వాడు.

గది తాళం ఎక్కడ ఉంచాలన్నది తేలలేదు. ఆడవాళ్ళు వెళ్ళి కిరాణా ఆయన్ను తాళం అడగలేరు, ఆయన ఇవ్వడానికీ ఇబ్బంది పడతారు. చివరకు నా కొట్లో గుమ్మం పక్క మేకుకు వేలాడదీశాం. పోకుండా దానికి ఒక కొబ్బరిచిప్ప కట్టాం.

తర్వాత జరిగింది మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు, నేను ఊహించనూ లేదు. అప్పతో కలిసి నలుగురు తిరిగి వచ్చారు. జనం కొంత వచ్చారు, పూర్వం ఉన్నంత కాదు. కానీ ఆ తాళం సంగతి ఎలాగో బస్సుల్లో పాకింది. లోపలి ఊళ్ళ నుంచి పిల్లలతో వచ్చే ఆడవాళ్ళు, కూలిపనికి వచ్చే ఆడవాళ్ళు, పెద్దాసుపత్రికి వెళుతూ బస్సు మారేవాళ్ళు, అందరూ నా గుమ్మంలోకి వచ్చి కొబ్బరిచిప్ప వైపు చూసేవారు. మొదట సిగ్గుపడుతూ, తర్వాత పేరంటానికి వచ్చినంత ధీమాగా. తిరిగి తాళం తగిలించేటప్పుడు వేలాడుతున్న గౌను అంచు పట్టుకుని చూసేవారు. ఆ వేళకు గంటకోసారి బస్సు. వాళ్ళకూ ఆగక తప్పదు. ఆగినవాళ్ళు టిఫిన్ హోటల్లో టీ తాగేవారు, స్టూడియో అద్దాల్లో ఫోటోలు చూసేవారు. ఫిబ్రవరి వచ్చేసరికి మా వరస ముందు సాయంత్రాలు దారి తీసుకుని నడవాల్సి వచ్చింది.

అంతకు ముందే, మార్గశిర మాసంలో, ఇళ్ళలో లక్ష్మీపూజలు చేసే లక్ష్మివారాలు, అంటే గురువారాలు, చేపల బేరం ఉండేది కాదు. ఆ రోజుల్లో కూడా వసారా ఖాళీగా లేకపోవడం చూసి కిరాణా ఆయన, "ఏటమ్మా, ఈల్లు దేనికొచ్చినట్టు?" అని అడిగారు. నేను కొబ్బరిచిప్ప చూపించాను. ఆయన మొహం తిప్పుకున్నారు. మర్నాడు ఆ గది తలుపుకు లోపలి గొళ్ళెం కొత్తది బిగించి ఉంది. ఎవరు బిగించారో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఉగాదికి ముందురోజు మధ్యాహ్నం మా ఆయన షిఫ్టు దిగి నేరుగా కొట్టుకు వచ్చారు. ఇచ్చిన మాట ప్రకారం చూసిపోవడానికి. నేను తలెత్తడానికి లేకుండా హుక్కులు కుడుతున్నాను. లోపల నలుగురు, గుమ్మంలో ఇద్దరు. ఆయనకు నిలబడే చోటు కూడా లేదు. ఎవరో ఆవిడ ఆయన ఎవరో తెలియక, "బాబూ, ఈ సంచి ఓసారి పట్టుకో, ఇప్పుడే వత్తాను," అని చేపల సంచి చేతిలో పెట్టి తాళం తీసుకుని వెళ్ళింది. ఆవిడ వచ్చేలోగా ఇంకో ఆవిడ పిల్లవాణ్ణి అప్పగించింది.

"ఏటే ఇది," అన్నారు మా ఆయన, ఒక చేతిలో చేపలు, ఒక చేతిలో పిల్లవాడు. "నాను నీ కొట్టు సూడ్డానికొచ్చినానా, కాపలా కాయడానికొచ్చినానా?"

"సూసినావు కదా బావా. ఏటంటావు మరి?"

ఆయన చుట్టూ చూశారు. "ఇంతమందికి కూకోడానికో బల్ల నేదేటి?" అన్నారు.

మిషన్ సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. ఉగాది వెళ్ళిన వారంలో, ఓడల్లో సరుకు కింద పరిచే పాత చెక్కలు పోర్టులో అడిగి తెచ్చి, వసారాలో గోడ పొడుగునా బల్ల చేసి బిగించారు.

చిక్కు ఇంకోటి వచ్చి పడింది. ఇంత సందడిలో నా లైబ్రరీ గంట ఏమైపోవాలి? నేను పట్టు వదల్లేదు. రోజూ ఐదింటికి లేచి, వచ్చినవాళ్ళను బల్ల మీద కూర్చోమని చెప్పి రోడ్డు దాటేదాన్ని. కొన్నాళ్ళు ఓపిక పట్టారు. తర్వాత ఒక్కొక్కరే నన్ను వెతుక్కుంటూ లైబ్రరీలోకే రావడం మొదలుపెట్టారు. మొదటిసారి వచ్చిన ఆవిడను చూసి లైబ్రేరియన్ గారు కుర్చీలోంచి లేచారు. "చేపల సంచి బయట పెట్టి రండమ్మా," అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు. వారం తర్వాత బొమ్మలున్న వారపత్రికలన్నీ తలుపు దగ్గరి టేబుల్ మీదకు మార్చారు.

ఒక సాయంత్రం, కాలవ అవతల నన్ను చూసి జాకెట్టు దాచుకున్న ఆవిడే వచ్చింది. నా పక్క కుర్చీలో కూర్చుంది. జాకెట్టు చేతులు ఎంత పొడుగుండాలని గుసగుసగా అడిగాను. వేలితో ఆగమని సైగ చేసి, ముందున్న పత్రిక తిరగేసింది. మంచుకొండల బొమ్మలేవో ఉన్నాయి అందులో. చేతుల పొడుగు సంగతి ఆవిడ మరిచిపోయింది. నేను నా పుస్తకంలో ఇంకో నాలుగు పేజీలు చదువుకున్నాను.